నీలి ముసుగుకు నమస్కారం

భావనారాయణా! నీదు పాదసేవ
చెవుల రొదలెల్ల నడగించి చేర్చు శాంతి;
నోటి పరుషమ్ముఁ దొలగించి నుడువనిమ్ము
కథను, వినువారి కందరి కగుత శుభము.

బాపట్లలో వెలసిన స్వామికి ఇలా మ్రొక్కుకొని, తెనాలిలో ఒక పెరటి గుమ్మం దగ్గర నిలిచి ఉన్న కథను అందుకుంటున్నాను.

*

“నీళ్ళు పెట్టమన్నానా!”

లక్ష్మీనరసింహంగారి కేక పెరటి గోడ దాటి వీధిలోకి వినిపించింది. కట్టుబట్టలతో కుళాయి పక్కన నిలబడి ఉన్నారాయన. చావింటికి వెళ్ళి వచ్చిన మనిషి గడప తాకకుండా ఎలా నిలబడతాడో అలా నిలబడి, భుజం మీది ఉత్తరీయాన్ని రెండు వేళ్ళతో దూరంగా పట్టుకున్నారు. దానికి అంటుకున్న మెరుపు కాగితాల ముక్కలు సాయంకాలపు ఎండలో ఇంకా మిలమిలలాడుతూనే ఉన్నాయి.

“మనం వెళ్ళొచ్చింది పిల్లల ఆటకండీ. శ్మశానానికి కాదు” అన్నారు భార్య భ్రమరాంబగారు గుమ్మంలోంచి.

“శ్మశానంలో ఇంతకంటె మర్యాద ఉంటుంది. ఏడ్చేవాళ్ళు కూడా శ్రుతిలో ఏడుస్తారు. నాకొక బకెట్టు పెట్టించు, నీకొక బకెట్టు పెట్టించు.”

“నాకెందుకు?”

“నువ్వు చేసిన పనికి.”

కోడలు జ్యోత్స్న రెండు బకెట్లూ నింపి కుళాయి పక్కన పెట్టింది. పెడుతూ పెడుతూ ఊరుకోలేకపోయింది.

“మామయ్యగారూ, ఊళ్ళో సగం మంది పిల్లల్ని తీసుకొచ్చారండి ఇవాళ. వాళ్ళందరూ కూడా ఇప్పుడు తలస్నానాలు చేస్తున్నారంటారా?”

“చేయకపోతే వాళ్ళ ఖర్మ.”

అంతలో మనవరాలు మేధ లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది. రెండో తరగతి చదువుతున్న పిల్ల. నెత్తిన నీలిరంగు ఈక గుచ్చిన అట్టపట్టీ, మెడలో వెలిగి ఆరే ప్లాస్టిక్ ఈల. తాతగారిని చూడగానే ఈల ఊదింది. లక్ష్మీనరసింహంగారు చెంబెడు నీళ్ళు నెత్తిన గుమ్మరించుకొని, రెండు చేతులా చెవులు మూసుకొన్నారు.

ఆయన ఒక బకెట్టు ఖాళీ చేశారు. రెండో బకెట్టు ముట్టేవారు లేక అలాగే ఉండిపోయింది.

*

ఆ ఆట పేరు డింబూ. టెలివిజన్‌లో పొద్దస్తమానం ఎగురుతూ ఉండే నీలిరంగు పక్షిపిల్లవాడి బొమ్మకథను పట్నం వారెవరో రంగస్థలానికి ఎక్కించి, నిన్నగాక మొన్న బాపట్లలో ఆడించి, ఆ మధ్యాహ్నం తెనాలికి తెచ్చారు. హాలులో మైకుసెట్టు పెట్టింది లక్ష్మీనరసింహంగారి కుమారుడు ఫణి. అతని వృత్తి అది. మేధ పట్టుబట్టింది, తాతగారు రాకపోతే తానూ రానని మంకుపట్టు పట్టింది. ఆయన వెళ్ళారు.

వెళ్ళినందుకు ఆయన చూసినది ఇది.

దీపారాధన లేదు, ప్రార్థన లేదు. తెర తీయకముందే నేల అదిరింది. కుర్చీ అదిరింది, పళ్ళు అదిరాయి. ఒక యువకుడు మైకు నోట్లో పెట్టుకొన్నంత దగ్గరగా పట్టుకొని, “తెనాలీ! సౌండ్ ఏదీ?” అని అరిచాడు. పిల్లలు అరిచారు. “సరిపోలేదు, ఇంకా గట్టిగా!” అన్నాడు. ఒక్క పద్యపు ఎత్తుగడతో నటుడు సభనంతా నిశ్శబ్దం చేసిన ఊరిలో, సభచేత అరిపించడానికే ఒక మనిషిని నిలబెట్టారు.

పాత్రధారులలో ఎవరూ పాడలేదు. ఎక్కడో ఎవరో పాడి, యంత్రంలో నింపి తెచ్చిన గొంతులు పెట్టెల్లోంచి దొర్లిపడుతుంటే, స్పాంజి తలకాయలు తగిలించుకొన్న మనుషులు వాటికి ఎగిరారు. ఆ ముసుగుల నోళ్ళు కదలనైనా కదలలేదు. లక్ష్మీనరసింహంగారికి అది ఎంగిలి అనిపించింది. ఒకడు నమిలిన పాటను మరొకడు నోట పెట్టుకొన్నట్టు ఉంది. వెన్న పూసిన మొక్కజొన్న పేలాల వాసనకు ఉత్తరీయాన్ని ముక్కుకు అడ్డం పెట్టుకొన్నారు.

ఆ కథలో దుర్మార్గుడు ఒకడున్నాడు. వాడి పేరు సరిగమ శాస్త్రి. పంచె, పిలక, వీపున దూది కూరి కుట్టిన గుడ్డ హార్మోనియం. వాడు చేసే దుర్మార్గం ఏమిటంటే, పిల్లల్ని రోజూ సాధన చేయమంటాడు. వాడు రంగం మీదికి రాగానే, గుమ్మం దగ్గర పంచిపెట్టిన మెత్తని బంతులను పిల్లలందరూ వాడి మీద విసరాలి. విసిరారు. డింబూ వచ్చి హార్మోనియాన్ని కాలితో తన్ని, శాస్త్రిని పడదోసి, ఈల ఊదాడు. హాలంతా చప్పట్లు.

మేధ కూడా బంతి విసిరింది.

అయితే ఆయనను తలస్నానానికి నిలబెట్టింది ఇవేవీ కావు. డింబూ మొదటిసారి అడుగుపెట్టినప్పుడు జరిగిన పని అది. పొగలోంచి నీలి ముసుగు ముందుకు రాగానే భ్రమరాంబగారు లేచి నిలబడి చేతులు జోడించారు.

పౌరాణిక నాటకంలో కృష్ణుడు ప్రవేశించినప్పుడు స్త్రీలు లేచి నమస్కరించడం ఈ ప్రాంతపు అలవాటు. ఆ వేషంలో తన భర్త నడిచి వచ్చినన్నాళ్ళూ భ్రమరాంబగారు ముందు వరుసలో అలాగే లేచేవారు. ఇప్పుడామె లేచేసరికి, ఏమిటో ఎందుకో తెలియకుండానే, వెనుక వరుసల్లోని బామ్మలూ అమ్మమ్మలూ ఒక్కరొక్కరే లేచి చేతులు జోడించారు. ఎవరో కుర్రవాడు ఫోనులో పట్టాడు. పొద్దు వాలేలోగా అది ఊళ్ళన్నీ తిరిగింది.

*

పొడిబట్ట కట్టుకొని ఆయన వసారాలో కూర్చోగానే ఫోను మోగింది. రేపల్లె నుంచి శేషగిరిరావు. ఆ ఊరి నాటక కమిటీ పెద్ద. పసుపూ అరటీ పండించే రైతు. పద్యమంటే ప్రాణం పెట్టే మనిషి.

“పంతులుగారూ, నమస్కారమండి. అమ్మగారు మా ఊళ్ళో అందరి ఫోన్లలోనూ ఉన్నారండి! మా ఆవిడ సుబ్బాయమ్మ అయితే చూసి చూసి నవ్వలేక కూలబడిందండి. ఏదో నీలిబొమ్మకి దణ్ణం పెడితే, వెనకాల ముసలమ్మలంతా లేచారంట గదండి?”

“ఊఁ” అన్నారు లక్ష్మీనరసింహంగారు పొడిగా.

“సరదాకన్నానండి, కోపం తెచ్చుకోకండి. అసలు సంగతేంటంటే, రేపు పొద్దున్నే కారు పంపిస్తన్నానండి, కిరీటం కోసం. శనివారం ఆట దాకా గుళ్ళో స్వామి ముందు పెట్టి పూజ చేయిద్దామని అనుకున్నామండి. కృష్ణుడు మన ఫణిబాబే గదండి?”

“ఫణే. నియమంలో ఉన్నాడు.”

“అదే కావాలండి. పోయినేడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయని మనసులో పెట్టుకోకండి. ఈసారి కొల్లూరు లంక ఊళ్ళ నుంచి కూడా ట్రాక్టర్ల మీద జనాన్ని రప్పిస్తన్నాను.”

ఫోను పెట్టేసి ఆయన పూజగది వైపు చూశారు. కొయ్యపెట్టెలో ఉంది కిరీటం. ఆయన గురువు తలనుంచి ఆయన తలకు వచ్చినది. మొన్న సోమవారం దానికి పూజ జరిపి, శనివారం నాడు మొదటిసారిగా కుమారుని తల మీద పెట్టాలని సంకల్పం చెప్పారు. సంకల్పం జరిగిన క్షణం నుంచి నాటకం ముగిసేదాకా ఆ తల మీద మరొకటి పెట్టరాదు. టోపీ పెట్టరాదు, తలపాగా చుట్టరాదు. ఎండకు తువ్వాలైనా వేసుకోరాదు. హెల్మెట్టు పెట్టకూడదు గనక ఫణి మోటారుసైకిలు మానుకొని, పొన్నూరు పనికి బస్సులో వెళ్ళి వస్తున్నాడు. ఆ సంగతిని తండ్రి వీధిలో కనిపించిన ప్రతివారితోనూ చెప్పుకొన్నారు.

“విన్నావా?” అన్నారు భార్యతో. “రేపల్లె దాకా పాకింది నీ దణ్ణం.”

భ్రమరాంబగారు గడప పక్కన కూర్చొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. “పాకనివ్వండి.”

“ఇన్నేళ్ళు నేను కృష్ణుడిగా అడుగుపెడితే జోడించిన చేతులు! వాటినే ఆ స్పాంజి తలకాయకి జోడించావు. కళ్ళు అంత మసకబారాయా?”

“నా కళ్ళు బాగానే ఉన్నాయి. మీరే మూసుకున్నారు.”

“ఆ పొగలకీ ఆ వెలుగులకీ మూసుకోక?”

“వేషం ప్రవేశించేటప్పుడు మాత్రం తెరవాలి కదండీ. మీరు చెప్పిన మాటే.”

“ఏంటి నీ ఉద్దేశం?”

ఆమె ఇంకో కాయ అందుకొన్నారు. ఒక ఈనె తీయడానికి పట్టవలసిన కాలంకంటె ఎక్కువ కాలం పట్టింది. వంటింటి గుమ్మంలో జ్యోత్స్న కదలకుండా నిలబడింది. ఆ ఇద్దరు స్త్రీలూ ఒకరినొకరు చూసుకోకుండా ఉండడానికి చేస్తున్న ప్రయత్నం ఆయనకు కనిపించలేదు.

*

“మేధా, ఇలా రామ్మా” అన్నారాయన కాసేపటికి, గొంతు తగ్గించి. “ఆ శాస్త్రి మీద బంతి ఎందుకు విసిరావు?”

“చెడ్డాయన కదా తాతయ్యా.”

“ఏం చెడు చేశాడు?”

“పిల్లల్ని రోజూ పాడమంటాడు.”

“నేనూ నీచేత రోజూ పద్యాలు చదివిస్తున్నాను కదా.”

మేధ ఆలోచించింది. “నువ్వు మంచి శాస్త్రివి. నీ మీద బంతులెయ్యను.”

పసిపిల్ల క్షమాభిక్ష పెట్టినట్టే చెప్పిన ఆ మాట లక్ష్మీనరసింహంగారికి హాలులో విన్న మోతలన్నిటికంటె గట్టిగా తగిలింది.

“అయినా తాతయ్యా, డింబూ తన్నాక సారీ చెప్పాడు. అమ్మ ఫోన్లో ఉంది. చూపించనా?”

“ఫోను ఇటివ్వు, ఛార్జింగు లేదు” అంది జ్యోత్స్న చప్పున.

“వద్దులే తల్లీ, తాతయ్యకి ఇష్టం ఉండదు” అన్నారు భ్రమరాంబగారు అదే క్షణంలో.

“ఛార్జింగు ఉందమ్మా!” అంది మేధ, అప్పటికే ఫోను తెచ్చి తాతగారి ముందు పెట్టి.

ఆయన అసహ్యంతోనే చూశారు. కళ్ళజోడు పెట్టుకొని, ఎంగిలి విస్తరివైపు చూసినట్టు చూశారు. పొగ, వెలుగులు, కేకలు. పొగలోంచి నీలి ముసుగు. ఎడమ పాదం ముందు మోపి, ఒక్క క్షణం ఆగి, నడుము కొద్దిగా మలిచి, సభను కుడినుంచి ఎడమకు ఒకసారి కలయజూసి, అప్పుడు రెండో అడుగు.

ఆయన ఫోనును చేతిలోకి తీసుకొని కళ్ళకు దగ్గరగా పట్టుకొన్నారు.

శాస్త్రి వచ్చాడు. బంతులు పడ్డాయి. డింబూ పరుగెత్తుకొచ్చి హార్మోనియాన్ని తన్నాడు. తన్ని, వెంటనే ఈల అందుకోవలసినవాడు అందుకోలేదు. వంగాడు. లావుపాటి నీలి తొడుగు చేతితో ఆ గుడ్డ హార్మోనియాన్ని తాకి, ఆ చేతిని ముసుగు మీది కోడిగుడ్డంత కళ్ళకు అద్దుకొన్నాడు. హాలు ఘొల్లుమని నవ్వింది. హాస్యమనుకొంది.

వాద్యానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవడం ఆ ఇంట్లో పారాడే వయసు నుంచీ నేర్పిన సంస్కారం. దానిని పట్నం ఆటగాడెవడూ స్పాంజి కళ్ళతో చేయడు.

“మళ్ళీ పెట్టు” అన్నారాయన.

మేధ మళ్ళీ పెట్టింది.

“మళ్ళీ.”

ఫోనును నేల మీద పెట్టి, భార్యవైపు తిరగకుండానే అడిగారు. “నీకెప్పుడు తెలిసింది?”

“అడుగు పెట్టగానే.”

“తెలిసి నమస్కారం చేశావా?”

“నేను చేయలేదండీ. చేతులు వాటంతటవే లేచాయి. అది మీరు నేర్పిన నడక. మీ నడక చూసి లేచిన మనిషిని, వాడి నడక చూసి ఎలా కూర్చోను?”

*

పెరటి తలుపు చప్పుడయింది. ఫణి వచ్చాడు. మెడ చుట్టూ ఎర్రగా ఒరుసుకుపోయిన చార, చెమటకు అతుక్కుపోయిన జుట్టు, నుదుటి మీద నీలి నూగు. వసారాలోకి చూశాడు, నేల మీది ఫోను చూశాడు, పెరట్లోనే ఆగిపోయాడు.

“తల మీద ఏం పెట్టావురా?”

ఫణి పెదవులు తడుపుకొన్నాడు.

“ఏం పెట్టావని అడుగుతున్నాను.”

“ముసుగు.” మాట గరగరలాడుతూ వచ్చింది. “ఆ వేషం కట్టే కుర్రాడికి బాపట్లలో మడమ బెణికిందండి. ఇక్కడికొచ్చేసరికి నిలబడలేకపోయాడు. పిల్లలంతా వచ్చి కూర్చున్నారు. ముందు వరసలో మేధ. మేనేజరు నా ఎత్తు చూశాడు.”

“ఎత్తు చూశాడా! ఎత్తు గాడిదకీ ఉంటుంది. నీ సంకల్పం ఎవరు చూస్తారు? హెల్మెట్టు మానేసిన తల అది. నేనిప్పుడే శేషగిరిరావుతో నియమంలో ఉన్నాడని చెప్పాను. ఈ నోటితో చెప్పాను!”

“తప్పేనండి.”

“హార్మోనియాన్ని తన్నావు.”

“కళ్ళకద్దుకున్నాను.”

“తన్ని అద్దుకుంటే చెల్లిపోతుందా? నీ కూతురు నా వేషం మీద బంతి విసిరింది. ఆ వేషాన్ని నువ్వు పడదోశావు. ఎందుకురా? పిల్లలు ఏడుస్తారనా? ఏడిస్తే ఇళ్ళకెళ్ళి మానేసేవారు.”

ఫణి కుళాయి గట్టు పట్టుకొన్నాడు. “పోయినేడు రేపల్లెలో మనం పాడుతుండగానే కుర్చీలు మడత పెట్టుకుపోయారు నాన్నగారూ. మీరు కళ్ళు మూసుకుని రాగం తీస్తున్నారు, చూడలేదు. నేను మంత్రి వేషంలో నిలబడి చూశాను. ఇవాళ తెర సందులోంచి చూస్తే హాలు నిండా జనం. ఒక్కసారి... నిండు సభలోకి ఒక్కసారి ఆ నడక నడవాలనిపించింది.”

“ఆ జనం నీ కోసం వచ్చారా? ఎంగిలి పాట కోసం వచ్చారు. నువ్వు పెదవి కూడా కదపలేదు.”

“కదిపాను.”

“ముసుగులో ఎవడికి కనపడుతుంది?”

“ఎవరికీ కనపడలేదు. వినపడనూ లేదు. కాని పాడానండి. కొలువులో కృష్ణుడి పద్యాలు, మీరు చెప్పినవి చెప్పినట్టు. పెట్టెలు మోగినంతసేపూ లోపల పాడుతూనే ఉన్నాను. నా గొంతు నాకైనా వినపడాలని ఇంకా గట్టిగా పాడాను.”

మేధ మెడలోని ఈల వెలుగుతూ ఆరుతూ ఉంది. జ్యోత్స్న దానిని తీసి కొంగులో దాచింది.

“ఏదీ, పాడు” అన్నారు లక్ష్మీనరసింహంగారు.

ఫణి చేతులు జోడించాడు. ఊపిరి తీసుకొన్నాడు. నోరు తెరిచాడు. పద్యపు మొదటి అక్షరం ఉండవలసిన చోట, ఎండుటాకు నేల మీద ఈడ్చుకుపోయినట్టు ఒక గరగర వచ్చి, అదీ ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించాడు. మెడలో నరాలు లేచాయి. చప్పుడు లేదు.

శనివారం దగ్గరలోనే ఉంది. తెల్లవారితే కిరీటం కోసం కారు వస్తుంది.

భ్రమరాంబగారి చేతిలోంచి చిక్కుడుకాయ జారింది. లక్ష్మీనరసింహంగారు లేచారు. కుమారుని ముఖంలోకి కాక, అతని నుదుటి మీది నీలి నూగువైపు చూస్తూ, కుళాయి పక్కన ఉండిపోయిన రెండో బకెట్టును చూపించారు.

“స్నానం చెయ్యి. నెత్తి మీంచి పోసుకో.”

ఫణి బకెట్టును చూశాడు, తండ్రిని చూశాడు. మాట పెగలక, గుసగుసగా అడిగాడు. “ఏ స్నానం నాన్నగారూ? శుద్ధి చేసుకుని మీ ముందుకి రమ్మంటున్నారా? లేక నేను మీకు లేనట్టేనా?”

ఆయన వెనక్కి తిరిగారు. వసారా దాటి, పూజగదిలోకి వెళ్ళి, తలుపు వేసుకొన్నారు.

ఫణి తల వంచి చెంబుతో నీళ్ళు పోసుకొన్నాడు. నీలి నూగు నుదుటి మీంచి జారి, తూము దగ్గర మెరుపు కాగితాల పక్కన చేరింది. మూసిన తలుపు వెనుక కొయ్యపెట్టె మూత కిర్రుమంది.

“బామ్మా, తాతయ్య కిరీటం బయటికి తీస్తున్నాడా, లోపల దాస్తున్నాడా?” అంది మేధ.

భ్రమరాంబగారు తలుపువైపు చూశారు. ఆ మూత చప్పుడు ఆమె జీవితకాలమంతా విన్నది. తెరుచుకొనేటప్పుడూ మూసుకొనేటప్పుడూ ఒకేలా ఉంటుంది. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద పాలు పెట్టి, మిరియాలు నూరడం మొదలుపెట్టారు.

*

ఈ కథను చదివినవారికీ, చదివించుకొని విన్నవారికీ ఆ భావనారాయణుడు మేలు చేయుగాక. మీ పిల్లల చెవులకు మంచి శ్రుతి అందుగాక. మీ ఇంటి గొంతులు చల్లగా ఉండుగాక. మూసిన ప్రతి తలుపు వెనుకా మీవారి కోసం ఒక దీపం వెలుగుగాక. స్వస్తి.